చూరు కింద ఊదా చేప

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

గత సంచిక వెనక అట్ట మీద కరీబియన్ సముద్రపు రాయల్ గ్రామా చేప బొమ్మ వేశాం. తల వైపు సగం ఊదా, తోక వైపు సగం పసుపు, మొత్తం పొడవు మూడంగుళాలు. దాని మీద తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అడిగింది ఒక్కటే: "ఎక్కడ దొరుకుతుంది, ఎంత?" అంతకన్నా ముందు అడగాల్సినవి అడిగిన ఉత్తరాలను ఇక్కడ తీసుకున్నాం.

ఈ చేప ఉండేది పగడాల్లోనా, రాళ్ళల్లోనా? బొమ్మలో గుహలాంటిది కనిపిస్తోంది.
— కొర్లగుంట, తిరుపతి

రాళ్ళల్లోనే. కాకపోతే ఆ రాళ్ళు ఒకప్పటి పగడాలు. వేల ఏళ్ళుగా పగడాల అస్థిపంజరాలు పేరుకుని గట్టిపడిన సున్నపురాయి అది. అలలు, తొలిచే జీవులు కలిసి దానిలో చీలికలు, గుహలు, ఇంటి చూరులా ముందుకు వచ్చిన అంచులు చేస్తాయి. తిరుమలలో శిలాతోరణం చూసినవారికి ఆకారం ఇట్టే అర్థమవుతుంది: పైన కప్పు, కింద ఖాళీ. రాయి మాత్రం వేరు, శిలాతోరణానిది క్వార్ట్‌జైట్.

బహామా దీవుల నుంచి మధ్య అమెరికా తీరం, దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు వరకు ఈ చేప ఉంటుంది. 1868లో దీనికి గ్రామా లొరెటో అని శాస్త్రీయ నామం పెట్టింది క్యూబా ప్రకృతి శాస్త్రవేత్త ఫెలిపె పోయ్. కొద్ది మీటర్ల లోతు నుంచి నలభై మీటర్లు దాటిన లోతు వరకు, ఎక్కడ చూరు ఉంటే అక్కడ గుంపులుగా చేరుతుంది. ఆ గుంపులో పెత్తనం కూడా చూరును బట్టే. పెద్ద చేపలు బయటి అంచున నిలబడి, ప్రవాహం మోసుకొచ్చే నలుసంత జీవులను ముందుగా అందుకుంటాయి. చిన్నవాటిని లోపలికి తరిమేస్తాయి, మిగిలిందే వాటికి తిండి. అప్పుడప్పుడు ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తినడమూ ఉంది.

ఇప్పుడు ఆ చూర్ల కింద లయన్‌ఫిష్ కూడా కాపు కాస్తోంది. అది మన హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేప. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదటిసారి కనిపించి, తర్వాతి పాతికేళ్ళలో కరీబియన్ అంతటా వ్యాపించింది. గ్రామా పిల్లలు దానికి సులువైన తిండి.

స్వర్ణముఖి ఇసుకలో దొరికే రాళ్ళు, కొండ రాళ్ళు ట్యాంకులో పెట్టవచ్చా? రామేశ్వరం నుంచి పగడపు రాళ్ళు తెప్పిస్తామని ఒకరు అంటున్నారు.
— చంద్రగిరి

రెండో దానికి ముందు జవాబు: వద్దు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ. చచ్చిన ముక్కను కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే. శేషాచలం కొండల్లో రాయి ఏరడం అటవీ చట్టం ప్రకారం కుదరదు.

ఇక వాగు రాయి, గ్రానైటు ముక్క. వీటివల్ల నీరు పాడవదు, కానీ వాటిలో రంధ్రాలు ఉండవు. ఉప్పునీటి ట్యాంకులో రాయి అందానికి కాదు, చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను విరగగొట్టే బాక్టీరియాకు ఇల్లు. నున్నటి రాయి మీద అది పైపైనే పడుతుంది, గుల్లరాయిలో లోపలి దాకా పాకుతుంది. పైగా గ్రానైటు బరువుకు చూరు కట్టాలంటే ట్యాంకు అద్దానికి గండం.

దుకాణాల్లో పొడి గుల్లరాయి, సెరామిక్ రాయి దొరుకుతాయి. ఖర్చు తగ్గాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కావలసినవి మూడు: మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు ఒక డబ్బా, కోళ్ళ దాణా దుకాణాల్లో అమ్మే ఆల్చిప్పల నలుసు రెండు డబ్బాలు, అయొడిన్ కలపని కల్లుప్పు రెండు డబ్బాలు. ముందు సిమెంటు, చిప్పలు పొడిగా కలిపి కొద్దిగా నీళ్ళు చిలకరించి, చివర్లో ఉప్పు కలపాలి. లడ్డూ ముద్ద నిలిచేంత తడి చాలు. ఎక్కువైతే ఉప్పు అప్పుడే కరిగిపోతుంది, రాయి గుల్లబారకుండా గట్టి పెచ్చులా తయారవుతుంది. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి, సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది.

వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో తడి ఇసుక పోసి, పిడికెడు ఎత్తున చిన్న గుట్ట చేయండి. ఆ గుట్ట మీద ముద్దను నాలుగు సెంటీమీటర్లకు తగ్గని మందంతో పరిచి, ఒక పక్క మాత్రం ఇసుక బయటికి కనిపించేలా వదలండి. ఆరాక ఇసుక తీసేస్తే అదే చూరు. లోపల ఇనుప చువ్వ, ఇనుప తీగ పెట్టవద్దు, ఉప్పునీటిలో తుప్పు పట్టి రాయిని చీలుస్తుంది. తడి గోనె కప్పి మూడు రోజులు కదపకండి. మర్నాడే ఎత్తబోతే చేతిలోనే విరుగుతుంది. వారం తర్వాత మంచినీళ్ళ తొట్టిలో ముంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు నానబెట్టాలి. ఉప్పు కరిగి రంధ్రాలు పడతాయి, సిమెంటులోని సున్నం దిగిపోతుంది. అందరూ తొందరపడేది ఇక్కడే. నానని రాయి ట్యాంకు పి.హెచ్.ను 10 పైకి తీసుకుపోతుంది, చేప మొప్పలు కాలిపోతాయి. పరీక్ష ఇలా: కొత్త నీళ్ళలో రాయిని ఒక రోజు ఉంచి పి.హెచ్. చూడండి, 8.5 లోపు ఉంటే సిద్ధం.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో రాళ్ళు పోగా నీరు దాదాపు 160 లీటర్లు పడుతుంది. దానికి 15 నుంచి 20 కిలోల రాయి సరిపోతుంది. రాయిని నేరుగా అడుగు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద పెట్టిన రాయి, ఏ రొయ్యో కింద తవ్విన రోజు ఒరుగుతుంది. చూరు లోతు 10-15 సెంటీమీటర్లు, ఎత్తు 5-7 సెంటీమీటర్లు ఉండాలి. అలాంటివి కనీసం మూడు కట్టి, వాటి నోళ్ళు పంపు నుంచి వచ్చే ప్రవాహం వైపు తిప్పండి. ప్రవాహం చూరు అంచును రాసుకుంటూ పోతే చేప బయటికి వచ్చి నిలబడుతుంది. చూరు ప్రవాహానికి వీపు తిప్పి ఉంటే చేప లోపలే ఉంటుంది, మీకు తోక కూడా కనిపించదు.

మా బోరు నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపితే చాలదా? ఇంట్లో ఆర్.ఓ. మెషీన్ ఉంది.
— తిరుచానూరు

బోరు నీళ్ళు వద్దు. వాటిలో ముందే కరిగి ఉన్న లవణాలు, నైట్రేటు, ఫాస్ఫేటు మీద సముద్రపు ఉప్పు కలిపితే రెండు నెలల్లో రాళ్ళంతా పచ్చటి నాచు పడుతుంది.

ఇంటి ఆర్.ఓ. పనికొస్తుంది గానీ ఒక కిటుకు ఉంది. తాగడానికి రుచి కోసం ఈ మెషీన్లలో కొంత బోరు నీటిని తిరిగి కలిపే చిన్న మర ఉంటుంది, కొన్నిటిలో ఖనిజాల కాట్రిడ్జి కూడా. అందుకే బయటికొచ్చే నీటిలో టీ.డీ.ఎస్. (కరిగి ఉన్న లవణాల కొలత) 50-100 చూపిస్తుంది. ట్యాంకు కోసం పట్టేటప్పుడు ఆ మర పూర్తిగా మూసి, ఖనిజాల కాట్రిడ్జికి ముందే గొట్టం తీసుకోండి. చివర మిగిలిన లవణాలను పట్టేసే డీ.ఐ. రెజిన్ కాట్రిడ్జి తగిలిస్తే టీ.డీ.ఎస్. సున్నాకు దిగుతుంది. క్యాన్ నీళ్ళు కొనేవారు టీ.డీ.ఎస్. పెన్ను ముంచి చూడకుండా పోయవద్దు.

లీటరుకు సుమారు 36 గ్రాముల అక్వేరియం ఉప్పు, 160 లీటర్లకు ఆరు కిలోలకు కాస్త తక్కువ. నీళ్ళలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్ళు పోస్తే సున్నం విరిగి అడుగున తెల్లగా పేరుకుంటుంది. పంపు పెట్టి ఒక రోజు తిప్పాక సాంద్రత 1.025 ఉండాలి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరును నమ్మి మోసపోయినవారే ఎక్కువ. ఉప్పదనాన్ని కాంతితో కొలిచే రిఫ్రాక్టోమీటరు కొని, 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోండి.

ఆ తర్వాత చేప కాదు, అమ్మోనియా వేయాలి. ఇల్లు కట్టి చూడు అన్నది ఈ విద్యకూ వర్తిస్తుంది. 160 లీటర్లకు ఒక గ్రాము అమ్మోనియం క్లోరైడు వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎమ్‌కు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) చేరుతుంది. సీసాల్లో అమ్మే బాక్టీరియా కలిపినా, కలపకపోయినా రోజు విడిచి రోజు పరీక్షించండి. ముందు అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైటు పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గి నైట్రేటు మిగులుతుంది. మళ్ళీ అదే మోతాదు వేసినప్పుడు 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయితేనే ట్యాంకు తయారైనట్టు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. నేల తుడిచే అమ్మోనియాలో సబ్బు ఉంటుంది, దాని జోలికి పోకండి.

తూపిలిపాలెం బీచి నుంచి సముద్రపు నీళ్ళే డ్రమ్ముల్లో తెచ్చుకుంటే?
— శ్రీకాళహస్తి

మీ ఊరి మీదుగా పోయే స్వర్ణముఖి అటువైపే సముద్రంలో కలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల నీరు, దానితో బురద, పొలాల ఎరువులు తీరానికి చేరి ఉప్పదనం పడిపోతుంది. తీరపు నీటిలో వ్యాధికారక జీవులు కూడా ఉంటాయి. డ్రమ్ముల రవాణా ఖర్చుకు ఉప్పు సంచీయే చవక.

రేణిగుంట నుంచి రాస్తున్నాను. రాయల్ గ్రామా అని అమ్మిన చేప మూడో రోజుకే రొయ్యను చంపింది. ఇంత కోపిష్టిదా?

మీకు అమ్మింది బహుశా డాటీబ్యాక్. ఇండోనేషియా వైపు నుంచి వచ్చే ఈ చేప కూడా ముందు ఊదా, వెనక పసుపు. కరీబియన్ చేప కన్నా చవకగా దిగుమతి అవుతుంది కాబట్టి పేరు మార్చుకుని అంగట్లో నిలబడుతుంది. తేడా మూడు చోట్ల చూడండి. గ్రామాలో ఊదా పసుపులోకి చుక్కలు చుక్కలుగా కరిగిపోతుంది, డాటీబ్యాక్‌లో గీత గీసినట్టు ఆగిపోతుంది. గ్రామా వీపు రెక్క ముందు భాగంలో నల్లటి మచ్చ ఉంటుంది, కంటి మీదుగా ముదురు గీత వెళుతుంది. పొట్ట కింది రెక్కలు పొడుగ్గా, ఊదాగా వేలాడతాయి, డాటీబ్యాక్‌కు రెక్కలు దాదాపు పారదర్శకం.

గ్రామా కూడా తన చూరు దగ్గరికి వస్తే నోరు ఇంత చేసి బెదిరిస్తుంది, అంతటితో ఆగుతుంది. డాటీబ్యాక్, గ్రామా ఒకే ట్యాంకులో వద్దు. ఒకే రంగు, ఒకే గుహ కోసం పోటీ. ఓడేది గ్రామానే.

మా ఇంట్లో గోల్డ్‌ఫిష్ ట్యాంకు ఉంది. అందులో కాస్త ఉప్పు వేసి దీన్ని పెంచవచ్చా?
— పలమనేరు

కుదరదు. సముద్రమంత ఉప్పు వేస్తే గోల్డ్‌ఫిష్ పోతుంది, కాస్తే వేస్తే చాలక గ్రామా పోతుంది. మీ నీళ్ళు గట్టివైతే, అంటే సున్నం ఎక్కువున్నవైతే, వేరే ట్యాంకులో ఆఫ్రికా మలావీ సరస్సు చేపలు సిక్లిడ్లు పెంచండి. అవీ రాళ్ళ మధ్య బతికేవే, ముదురు నీలం, పసుపు రంగుల్లో దొరుకుతాయి, గట్టి నీళ్ళే వాటికి ఇష్టం.

సార్, మేము మెడ్రాస్ కొళత్తూరులో కొనుక్కోని బస్సులో తెచ్చినాం. మూడు దినాలుగా రాయి కింద దూరుకోని బయటికి రాలేదు, మేత ముట్టలేదు. ఏం చేయాల?
— చిత్తూరు

మూడు రోజులకు భయపడనక్కర లేదు, వారం దాకా చూడవచ్చు. లైటు సగానికి తగ్గించండి. గడ్డకట్టించిన మైసిస్ రొయ్యపొట్టును కప్పు ట్యాంకు నీళ్ళలో కరిగించి, పొడుగాటి పిప్పెట్టుతో చూరు నోటి ముందు నాలుగైదు మాత్రమే వదలండి. పంపు రెండు నిమిషాలు ఆపితే అవి కొట్టుకుపోవు. చేప రోజుకు రెండుసార్లు ఎనిమిదేసి, పదేసి తింటే చాలు. మిగిలినవి తీసేయకపోతే అమ్మోనియా.

అసలు కారణం ప్రయాణం కన్నా ఉప్పదనంలో ఉండి ఉండవచ్చు. చాలా దుకాణాలు ఉప్పు ఖర్చు, పరాన్నజీవుల బెడద తగ్గించుకోవడానికి సాంద్రత 1.018-1.020 దగ్గర ఉంచుతాయి. అక్కడి నుంచి నేరుగా 1.025లోకి దించితే చేప ఒంట్లోని నీరు బయటికి లాగేసినట్టవుతుంది. ఈసారి కొన్నప్పుడు దుకాణం నీటి సాంద్రత అడిగి, విడిగా పెట్టే 40 లీటర్ల చిన్న ట్యాంకును ముందే అంతకు తయారుచేసి ఉంచండి. తర్వాత రోజుకు 0.001 చొప్పున పెంచుకుంటూ పొండి.

సంచిని ట్యాంకులో పావుగంట తేల్చి వేడి సమం చేయడం అందరికీ తెలుసు. తెలియనిది ఒకటి ఉంది. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు గాలి వల్ల పి.హెచ్. పడిపోయి ఉంటుంది, అమ్మోనియా హాని లేని రూపంలో అణిగి ఉంటుంది. సంచి విప్పగానే గాలి పోతుంది, పి.హెచ్. లేస్తుంది, ఆ అమ్మోనియాయే విషమవుతుంది. చెన్నై నుంచి నాలుగు గంటల్లో వచ్చిన చేపకు అరగంట పాటు చుక్కచుక్కగా నీళ్ళు కలపవచ్చు. బొంబాయి నుంచి కొరియర్లో ఒక రోజంతా వచ్చిన చేపకు అలా చేస్తే చంపినట్టే. దాన్ని వేడి సమం కాగానే, సాంద్రత సరిపెట్టిన నీటిలోకి మార్చేయాలి. సంచి నీళ్ళు ఎప్పుడూ ట్యాంకులో పోయకండి.

చేప తలకిందులుగా ఈదుతోంది. గాలితిత్తి చెడిందా?
— పుత్తూరు

చెడలేదు. గ్రామా తన పొట్టను దగ్గర్లో ఉన్న రాతి వైపు తిప్పుకుంటుంది. చూరు కింద ఉంటే రాయి పైన ఉంటుంది కాబట్టి పొట్ట పైకి వస్తుంది. మీరు కట్టిన చూరు దానికి నచ్చిందనడానికి గుర్తు అది. బయటి నీటిలో కూడా నిలదొక్కుకోలేక పైకి తేలిపోతుంటే అప్పుడు ఆలోచించాలి. మూత మాత్రం మరిచిపోకండి. బెదిరితే దూకుతుంది. సన్నటి వల బిగించిన చట్రం మేలు, గాజు మూత వేడిని లోపలే పట్టేస్తుంది.

మే నెలలో మా ఊళ్ళో ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలకు పోతాయి. కరెంటు కోత వేరే. మంచుగడ్డ సీసాలు వేస్తే చాలునా?
— శ్రీకాళహస్తి

లీటరు మంచు సీసా 160 లీటర్ల నీటిని ముప్పావు డిగ్రీ కూడా దించదు. ఆరు డిగ్రీలు దించాలంటే రోజుకు ఎన్ని సీసాలో లెక్క వేసుకోండి, మధ్యలో వేడి హెచ్చుతగ్గులు అదనం. ఉండాల్సింది 25 నుంచి 27. కరీబియన్ నీళ్ళు కూడా వేసవిలో 29 దాకా వెళతాయి, కానీ అక్కడ అలలున్నాయి, ట్యాంకులో వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది.

నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే పొడి గాలిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఉక్కపోత రోజున ఏమీ తగ్గదు. ఫ్యానుతో రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరి కాదు. తరిగినంత ఆర్.ఓ. నీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోస్తూ పోతే నెలకు సముద్రం కాస్తా ఊరగాయ అవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీకు చిల్లరు (నీళ్ళను చల్లబరిచే యంత్రం) తప్పదు, దాన్ని గాలి ఆడే చోట పెట్టండి. బల్ల కింద మూసిన అరలో పెడితే తన వేడికి తానే ఉడికిపోతుంది.

ఇంటి ఇన్వర్టరు మీద చిల్లరు నడవదు. 15 వాట్ల ప్రవాహపు పంపు ఒక్కటే దానికి కలిపితే ఒక రోజు దాటి నడుస్తుంది, కోత సమయంలో చేపను కాపాడేది అదే. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు రెండు గంటలకు పైగా ఆగిపోతే, కరెంటు రాగానే నేరుగా నడపవద్దు. లోపల గాలి అందక కుళ్ళిన నీళ్ళు ట్యాంకులోకి దిగుతాయి, ముందు కడగాలి.

ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు వచ్చాయి. గోల్డ్‌ఫిష్‌కు చేసినట్టు వేడి పెంచితే పోతాయా?
— భవానీనగర్, తిరుపతి

పోవు. ఇది క్రిప్టోకారియన్ అనే ఉప్పునీటి పరాన్నజీవి. చుక్క రాలిపోతే తగ్గిందనుకుంటారు, అది రాళ్ళల్లోకి దిగి విడిపోయి మళ్ళీ వందలుగా వస్తుంది. చేపలన్నిటినీ చిన్న ట్యాంకులోకి మార్చి, రాగి మందును డబ్బా మీది మోతాదుకు, దానికి తగ్గ రాగి పరీక్ష కిట్‌తో రోజూ కొలుస్తూ వాడాలి. పెద్ద ట్యాంకులో మాత్రం రాగి పోయవద్దు. గుల్లరాయి దాన్ని పీల్చుకుంటుంది, రొయ్యలు చస్తాయి. పెద్ద ట్యాంకు పది వారాలు చేపలు లేకుండా ఖాళీగా నడవాలి. కొత్త చేపను ఎప్పుడూ నాలుగు వారాలు విడిగా ఉంచితే ఈ ఉత్తరం రాసే పని ఉండదు.

జంటగా పెంచితే గుడ్లు పెడతాయా?
— జంతుశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

పెడతాయి, కానీ 160 లీటర్లలో రెండిటిని ఎంచుకోవడమే చిక్కు. రెండూ మగవైతే పోట్లాట. పరిమాణంలో బాగా తేడా ఉన్న రెండిటిని ఒకేసారి వదిలితే అవకాశం ఎక్కువ, పెద్దది మగ కావచ్చు. మగచేప ఒక చీలికను ఎంచుకుని నాచు పోగులు నోటితో మోసుకొచ్చి గోడలకు అంటిస్తుంది. ఆడది వచ్చి అందులో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా అంతా మగదే. ఐదు నుంచి ఏడు రోజుల్లో, చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్లలకు మొదటి తిండి రోటిఫర్లు అనే కంటికి ఆనని నీటి జీవులు, ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య) పిల్ల కూడా వాటి నోటికి మొదట్లో పెద్దదే. ఆర్టీమియాను తర్వాతి దశకు ఉంచండి: లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము గుడ్లు, 28 డిగ్రీలు, బుడగలు గట్టిగా, 24 గంటలు. బుడగలు ఆపి పది నిమిషాలు ఆగి, ఒక మూల లైటు పెడితే పిల్లలు అటు చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. పెంకులు రాకుండా ఆ మూల నుంచి గొట్టంతో లాగి, మంచినీళ్ళతో కడిగి వేయాలి. నాచు ఎక్కడుంది అంటారా, ముందు నుంచీ శుభ్రంగా గీకేసిన ట్యాంకులో మగదానికి గూడు కట్టే సరుకే ఉండదు. వెనక అద్దం మీద పెరిగే పోగుల నాచును అలాగే వదిలేయండి.